కూన ఏడ్చినప్పుడల్లా పాలు పట్టకు

చిరంజీవి మేనకోడలికి మీ అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రాత్రి పడుకోబోతూ చదివాను. మూడు పిల్లి కూనలు, తల్లి జాడ లేదు. కళ్లు తెరిచాయి గానీ నడక ఇంకా తడబాటే. ఒకదానికి నిన్నటి నుంచి పసుపు నీళ్లలా విరేచనాలు. నీకు మూడు రోజులుగా నిద్ర లేదు. ఏం పెట్టాలో చెప్పమన్నావు. చెబుతాను. కానీ నా చేతుల్లో పెరిగిన కూనల్లో కడుపు చెడినవాటిని తలచుకుంటే, ఎక్కువ సార్లు తప్పు తిండిది కాదు, నా ఆత్రానిది. అది ‘మ్యావ్’ అంటే నాకు చేతులు ఆగేవి కావు. తర్వాత బాధపడేది అదీ, రాత్రంతా గుడ్డలు ఉతికేది నేనూ.

ముందు ఒంటి మీద చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉంటే ఒక్క చుక్క పాలు కూడా పట్టకు. మొదటి కొన్ని వారాలు కూనలు తమ ఒంటి వేడిని తాము నిలబెట్టుకోలేవు. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది, తాగిన పాలు అరగక కడుపులోనే ఉండిపోయి ఉబ్బరం పుడుతుంది. మింగే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇది నాకు తెలియని రోజుల్లో, వానలో తడిసిన ఒక కూనను తెచ్చి, పాపం ఆకలితో ఉందని ఒళ్లు తుడవగానే పాలు పట్టాను. తెల్లవారేసరికి అది లేదు. ఆ తప్పు నువ్వు చేయవద్దు. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచు. మరీ వేడెక్కితే దూరంగా జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. ఒళ్లు మెల్లగా, గంటో రెండు గంటలో పట్టేలా వెచ్చబడాలి. తొందరపడి ఒకేసారి కాచడం కూడా ప్రమాదమే.

ఇక వయసు. కళ్లు 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. ముందు పళ్లు రెండు, మూడు వారాలకు చిగుళ్లలోంచి తొంగి చూస్తాయి. కోరలు ఆ తర్వాత. చిటికెన వేలితో చిగురు తడిమి చూడు. నువ్వు రాసినదాన్ని బట్టి మూడు వారాలు ఉంటాయని నా అంచనా. అంటే ఇంకా పాల మీదే ఉండాలి.

ఏ పాలు? పిల్లి కూనల కోసమే చేసిన పాలపొడి. ఆవు పాలు పనికిరావు. పిల్లి పాలలో ఉండే మాంసకృత్తుల్లో సగం కూడా ఆవు పాలలో ఉండవు, కొవ్వు కూడా తక్కువే. అందుకని ఎన్ని తాగినా ఒంటికి పట్టదు, కడుపు నిండే దాకా తాగిస్తే అందులోని చక్కెర అరగక విరేచనాలు పట్టుకుంటాయి. పొడిని డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలుపు. చిక్కగా ఉంటే బలం వస్తుందని ఒక చెంచా ఎక్కువ వేయకు, కడుపు చెడితే చెడిందని పలచన చేయకు. ఉండలు లేకుండా కలిపి, చేతి మణికట్టు మీద చుక్క వేస్తే గోరువెచ్చగా తగలాలి. మైక్రోవేవ్‌లో పెడితే అక్కడక్కడా మరుగుతాయి, పక్కనే చల్లగా ఉంటాయి. సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టు చాలు.

ఎంత పట్టాలన్న దగ్గరే నీకూ నాకూ తగువు. కూన పొట్ట చాలా చిన్నది. 100 గ్రాముల బరువుకు ఒక్క పూటకు సుమారు 4 మిల్లీలీటర్లు అనుకో. 300 గ్రాముల కూనకు 12 మిల్లీలీటర్లు, అంతే. ఈ వయసులో నాలుగైదు గంటలకోసారి. కడుపు గుండ్రంగా, మెత్తగా కనిపిస్తే ఆపేయాలి, డోలులా బిగుసుకునే దాకా కాదు. సీసా తీస్తే ఏడుస్తుంది. ఏడవనీ. అది ఆకలి ఏడుపే కానక్కరలేదు, చలికీ ఏడుస్తుంది, తల్లి కోసమూ ఏడుస్తుంది.

పట్టేటప్పుడు బోర్లా ఉంచి, తల కొంచెం పైకి లేపి పట్టు. మనిషి బిడ్డను ఒళ్లో వేసుకున్నట్టు వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరిగొట్టంలోకి దిగుతాయి. సిరంజి అయితే బలంగా నొక్కకు, అది చప్పరించే వేగమే నీ వేగం. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి తుడువు. ఆ తర్వాత దగ్గినా, ఊపిరి గురగురలాడినా వైద్యుడి దగ్గరికి.

పాలు పట్టాక గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో మలద్వారం దగ్గర మెల్లగా రాయి. తల్లి నాకి చేసే పని ఇది. మూడు వారాల దాకా వాటంతట అవి వెళ్లలేవు. మూత్రం లేత రంగులో ఉండాలి. ముదురు పసుపు అయితే ఒంట్లో నీళ్లు తగ్గాయని అర్థం. పాలు తాగే కూన మలం ఆవపిండి ముద్ద రంగులో, పళ్ల పేస్టులా ఉంటే దిగులు లేదు. ఒక రోజు వెళ్లకపోయినా, చురుగ్గా తాగుతూ కడుపు మెత్తగా ఉంటే ఆగి చూడవచ్చు. రెండో రోజూ అంతే అయితే చూపించాలి.

ఇప్పుడు నీ విరేచనాల కూన సంగతి. మూడు రోజుల్లో మూడు రకాల పాలు మార్చానని నువ్వే రాశావు. పెద్ద పిల్లికే కొత్త తిండి అలవాటు చేయడానికి వారం, పది రోజులు పడుతుంది. ఈ పసిపొట్ట ఏం చేస్తుంది? ఒక్క రకం పాలపొడికే కట్టుబడి, పూటకు పట్టే పాలు కొంచెం తగ్గించి సార్లు పెంచు. పస్తు పెట్టవద్దు, ఇంత చిన్నవాటికి కొన్ని గంటలు తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. చిగుళ్లు వేలితో తాకి చూడు. తడిగా జారాలి, వేలికి అతుక్కుంటే నీళ్లు తగ్గినట్టు. నీళ్ల విరేచనాలు నిన్నటి నుంచి అంటున్నావు కాబట్టి, చిగుళ్లు ఎలా ఉన్నా ఈ రోజే వైద్యుడికి చూపించు. చర్మం కింద నీళ్లు ఎక్కించడం వారు చేయగలరు, నువ్వు చేయలేవు. వెళ్లేటప్పుడు తాజా మలం చిన్న డబ్బాలో పట్టుకెళ్లు. సూక్ష్మదర్శినిలో చూస్తే పురుగుల గుడ్లు, పేగుల్లో చేరి విరేచనాలు పట్టించే కాక్సీడియా, జియార్డియా అనే సూక్ష్మజీవులు బయటపడతాయి. ఊహించి మందు వేయడం కంటే అది నయం.

మనుషుల మందులు మాత్రం ఒక్కటీ వేయకు. పారాసిటమాల్ పిల్లిని చంపుతుంది. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు. విరేచనాలు కట్టేసే మాత్రలు, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ముక్కలు కూడా అంతే.

రక్తం పడినా, వాంతులు తోడైనా, చప్పరించడం మానేసినా, గుడ్డపీలికలా వేలాడినా అర్ధరాత్రయినా వెళ్లాలి. పిల్లులకు వచ్చే పార్వో జాతి వైరస్ రోగం ఒకటుంది, పాన్‌ల్యూకోపీనియా అంటారు. ఒకటి రెండు రోజుల్లోనే కూనను తీసుకుపోగలదు. అందుకే ఆ కూనను ఇప్పటి నుంచే వేరే పెట్టెలో, వేరే గుడ్డల్లో ఉంచు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మిగతా రెండింటిని ముట్టుకో. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాలు నిండే దాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తారు.

ఏలికపాములు ఉన్నాయనే అనుకో. తల్లి పాలలోంచే వస్తాయి కాబట్టి శుభ్రమైన ఇంట్లో పుట్టినా తప్పవు. వెన్ను ఎముకలు తేలి పొట్ట మాత్రం కుండలా ఉంటే అవే. పురుగుల మందు మూడో వారం నుంచి రెండు వారాలకోసారి ఇప్పిస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది, కంటి అంచనాతో వేయకు.

బరువు అన్నాను కాబట్టి వంటింటి తూకం బయటికి తీయి. గిన్నె పెట్టి, రోజూ ఒకే వేళకు, పాలు పట్టకముందు తూచు. ఒక్కో కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే కనిపెట్టి ఉండు, తగ్గితే ఆలస్యం చేయకు. పుస్తకంలో రాసుకో. నిద్రలేని బుర్రకు నిన్నటి అంకె గుర్తుండదు.

నాలుగో వారం దాటాక కూనల తడి ఆహారాన్ని ఈ పాలలోనే జావలా కలిపి పల్చటి పళ్లెంలో పెట్టు. ముందు దాంట్లో నడుస్తాయి, తుమ్ముతాయి, తర్వాత తింటాయి. గిన్నెలోకి ముక్కు ముంచి తోయకు. రోజురోజుకూ చిక్కన చేస్తూ ఎనిమిదో వారానికి పాలు మాన్పించవచ్చు. ఆ రోజుల్లో మలం కాస్త మెత్తబడుతుంది, కంగారు పడకు.

ఉడికించిన కోడి మాంసం చాలని ఎవరో చెప్పారట. ఉత్త మాంసంలో సున్నం, అంటే కాల్షియం, చాలదు. ఎముకలు వంగిపోయి, చిన్న గెంతుకే విరిగిన కూనను నేను చూశాను. టారిన్ అనే పదార్థం సంగతి ఇంకొకటి. పిల్లి ఒళ్లు దాన్ని చాలినంత తయారు చేసుకోలేదు. అది తక్కువైతే చూపు పోతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో తేలింది. కుక్కల ఆహారం వద్దనేది అందుకే. పచ్చి మాంసం జోలికీ వెళ్లకు. ‘ఎదిగే కూనలకు సంపూర్ణ ఆహారం’ అని రాసి ఉన్నది కొను, మిగతా ప్రకటనలన్నీ వదిలెయ్.

అన్నట్టు, తడిస్తే గట్టిగా ముద్దకట్టే ఇసుకను వాటి మలం పెట్టెలో వేయకు. ఈ వయసులో రుచి చూస్తాయి, కడుపులో గట్టిపడుతుంది. దారప్పోగు మింగి కొస బయటికి కనిపిస్తే లాగకు, పేగు తెగుతుంది, వైద్యుడే తీయాలి.

రాత్రి పాలకూ పాలకూ మధ్య గడియారానికి అలారం పెట్టుకుని పడుకో. రేపు పొద్దున మూడింటి బరువులూ, విరేచనాల కూన చిగుళ్ల సంగతీ, వైద్యుడు మలంలో ఏం చూశారో అదీ రాసి పంపు. మూడో రకం పాలపొడి డబ్బా మీది కొలత కూడా ఎక్కించు, నేనొకసారి లెక్క చూస్తాను.

ఇట్లు
మీ అత్తయ్య