60 డిగ్రీల మలుపులో స్టాల్ హారన్: మీటరు బాగానే ఉంది

50 నాట్ల స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు) ఉన్న విమానంలో, 60 డిగ్రీల మలుపులో 75 దగ్గరే హెచ్చరిక హారన్ మోగిందని, వేగం మీటరు పాడైందేమోనని అడిగారు. మీటరు తప్పు చెప్పలేదండీ. ఆ 50 రెక్కలు సమంగా ఉన్నప్పటి లెక్క. 60 డిగ్రీలు వాల్చి, ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్కల మీద బరువు రెట్టింపవుతుంది. స్టాల్ వేగం 1.41 రెట్లు, అంటే దాదాపు 71. హారన్ కాస్త ముందే మోగుతుంది కదా, సరిపోయింది. 75 డిగ్రీలకు వాల్చారా, 98 దాకా పోతుంది!

హారన్ వినగానే ముందు స్టిక్ మీద లాగుడు కొంచెం వదలండి, తర్వాత రెక్కలు సమం చేయండి. ముక్కు కిందికి జారుతోందని ఇంకా లాగితే స్పిన్‌లోకి, అంటే గిర్రున తిరుగుతూ పడిపోయే స్థితిలోకి పోవచ్చు. ఇది శిక్షకుడితో, బాగా ఎత్తులో, చేతికి పట్టుబడేదాకా చేయాలి.

అమెరికా పైలట్ బాబ్ హూవర్ విమానాన్ని రోల్ చేస్తూనే (పక్కకు పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూనే) గ్లాసులోకి ఐస్ టీ పోసేవారు, చుక్క ఒలికేది కాదు. బరువును 1జీ (మామూలు బరువు) దగ్గరే నిలిపిన చేతి నేర్పు అది. కానీ 1994 జూన్ 24న అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ వైమానిక స్థావరంలో బీ-52 బాంబర్ విమానం కంట్రోల్ టవర్ చుట్టూ తక్కువ ఎత్తులో నిటారుగా వాలి తిరిగింది, వేగం పడిపోయి కూలింది. నలుగురు పోయారు. నడిపినాయన అనుభవజ్ఞుడే, అంతకుముందూ అలాంటి సాహసాలు చేసినవాడే. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే తక్కువ ఎత్తులో ఈ మలుపు ఇప్పుడే వద్దు, దయచేసి.