పది రోజులు దాటితే డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను పిఠాపురంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను, ఫాల్స్, పీకో చేస్తాను. శ్రావణ మాసం గిరాకీ ఉంటుందని ఆన్‌లైన్లో ఒక షాపింగ్ యాప్‌లో ₹14,500 పెట్టి మోటారు కుట్టుమిషన్ తెప్పించుకున్నాను. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత కాస్త మందపాటి గుడ్డ పెడితే చాలు కుట్టు తప్పుతోంది, మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. యాప్ వాళ్లకి ఫోన్ చేస్తే ‘రిటర్న్ గడువు పది రోజులే, అయిపోయింది. అయినా అమ్మింది మేం కాదు’ అన్నారు. అమ్మినవాళ్లది సూరత్. వాళ్లేమో ‘మీరు వ్యాపారానికి వాడుతున్నారు, వినియోగదారు కిందికి రారు’ అంటున్నారు. ఇక ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: వదులుకోవద్దమ్మా. వాళ్లు చెప్పిన మాటల్లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది చివరిది, అందుకే దానితోనే మొదలుపెడతాను. తిరిగి అమ్ముకోవడానికో, వాణిజ్య అవసరానికో కొన్నవారు వినియోగదారులు కారని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ దాని కిందే ఒక వివరణ కూడా ఉంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే ఒక మనిషి కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదు. సొంత ఆటో నడుపుకునేవాళ్లకీ, ఇంటి వరండాలో కూర్చుని కుట్టుకునే మీలాంటివాళ్లకీ పనికొచ్చే వివరణ అది. పదిమంది పనివాళ్లతో కార్ఖానా నడిపితే సంగతి వేరు. మీరు రాసే ప్రతి కాగితంలోనూ ‘ఇది నా జీవనాధారం, మిషన్ మీద కుట్టేది నేనే’ అన్న వాక్యం తప్పకుండా ఉండాలి.

ఇక ఆ పది రోజుల మాట. నచ్చలేదని, మనసు మారిందని సరుకు వెనక్కి పంపడం మన చట్టం ఇచ్చిన హక్కు కాదు. అది కంపెనీ ఇచ్చే సౌకర్యం, దానికి గడువు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. లోపం ఉన్న సరుకు విషయం అలా కాదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకులో లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా ‘తిరిగి తీసుకోం, డబ్బు ఇవ్వం’ అనడానికి అమ్మకందారుకు వీల్లేదు. చెప్పిన తేదీకి సరుకు చేర్చకపోయినా అంతే. మోటారులో లోపం మొదటి పది రోజుల్లోనే బయటపడి తీరాలా? వాడితేనే కదా తెలిసేది! వారంటీ కార్డు ఉంటే అది మీకు మరో ఆధారం. ఆలస్యం మాత్రం చేయకండి. లోపం కనిపించిన రోజుకీ మీరు రాసి చెప్పిన రోజుకీ మధ్య ఎడం పెరిగేకొద్దీ, ‘వాడి పాడుచేసుకున్నారు’ అనే వాళ్ల వాదనకు బలం చేకూరుతుంది.

ఫోన్లు ఇక చాలు. కాకినాడలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్లలోనే అలసిపోయి వస్తారు, చేతిలో ఒక్క కాగితం ముక్క ఉండదు. ఆ యాప్‌లో ఫిర్యాదుల అధికారి పేరు, ఈమెయిల్ ఉంటాయి. ఉండి తీరాలని నియమం. ఆయనకి రాయండి. ఎప్పుడు కొన్నారు, ఎంత చెల్లించారు, ఏ రోజు నుంచి కుట్టు తప్పుతోంది, మీరేం కోరుతున్నారు, ఇంతే. బిల్లు, మిషన్ నడుస్తుండగా తీసిన వీడియో జతచేయండి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఫిర్యాదుకి ఇచ్చిన నంబరు రాసి పెట్టుకోండి. అదే ఉత్తరంలో అమ్మకందారు పూర్తి చిరునామా, ఈమెయిల్ ఇమ్మని కూడా అడగండి. కొన్నవారు రాసి అడిగితే ఆ వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత యాప్ వాళ్లదే. ‘అమ్మింది మేం కాదు’ అని చేతులు దులిపేసుకోవడం అంత తేలిక కాదు.

మీ ఊళ్లో మిషన్లు బాగుచేసే మనిషికి చూపించి, లోపం ఏమిటో కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. విప్పనివ్వకండి. విప్పితే ‘బయటివాళ్లు కెలికారు’ అంటారు.

ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఫిర్యాదును కంపెనీకి పంపి, జవాబు తెప్పించే ప్రయత్నం చేస్తారు. చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. అయితే వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు. అది జిల్లా వినియోగదారుల కమిషన్ పని. సూరత్ వెళ్లాల్సి వస్తుందేమోనన్న దిగులు వద్దు. ఫిర్యాదీ ఎక్కడ నివసిస్తే అక్కడి కమిషన్లోనే కేసు వేయవచ్చని 2019 చట్టం చెబుతోంది. మీకు కాకినాడ సరిపోతుంది. ₹5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. అమ్మకందారునీ, యాప్ నడిపే కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. మిషన్ డబ్బుతోపాటు పోయిన పనికి పరిహారం, కేసు ఖర్చులు కూడా అడగండి. ఏ జాకెట్టు ఎవరికి తిరిగి ఇచ్చేశారో మీ ఆర్డర్ల పుస్తకంలో ఉంటుంది కదా, అది దాచండి. చట్టం మూడు నెలల్లో, సరుకును పరీక్ష చేయించాల్సి వస్తే అయిదు నెలల్లో తేల్చాలంటుంది. అంతకన్నా ఎక్కువే పడుతుందని మీకు ముందే చెప్పడం నా ధర్మం.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఖమ్మంలో మా ఇంటికి వాషింగ్ మెషీన్ పంపాడు. డ్రమ్ము తిరగదు. అమ్మినవాళ్లేమో బిల్లు వాడి పేరు మీద ఉందనీ, వాడే మాట్లాడాలనీ అంటున్నారు. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. నాకు హక్కు లేదా?

జవాబు: ఉందండీ. కొన్నవారి అనుమతితో ఆ వస్తువు వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ‘ఇది మా అమ్మానాన్నల వాడకానికి కొన్నాను, ఫిర్యాదు చేయడానికి నాన్నకు నా సమ్మతి ఉంది’ అని అబ్బాయి చేత ఒక మెయిల్ రాయించి, బిల్లు కాపీతో మీ దగ్గర ఉంచుకోండి. ఆ ఫిర్యాదు మీ పేరుతోనే పంపండి.

ప్రశ్న: తక్కువ ధరకి వస్తోందని ఆన్‌లైన్లో కుక్కర్ కొన్నాను. ఐఎస్ఐ గుర్తు ఎక్కడా లేదు. వాడవచ్చా? (సిద్దిపేట నుంచి ఒక గృహిణి)

జవాబు: వాడకండి. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకు 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు లేనిది అమ్మడమే నేరం. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి కుక్కర్ల విషయంలోనే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లకు చెరో లక్ష జరిమానా విధించింది. కొన్నవాళ్లందరికీ తెలియజేసి, సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇమ్మంది. అమెజాన్ దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ ఆదేశం సంగతి మీ ఫిర్యాదులో రాయండి. గుర్తు ఉన్న కుక్కరు కొన్నప్పుడు కూడా ఆ గుర్తు దగ్గరుండే లైసెన్సు నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. గుర్తును ఎవరైనా అచ్చువేసుకోగలరు.

డబ్బు తిరిగి వచ్చేదాకా ఆ కుక్కరును పొయ్యి ఎక్కించకండి, పాత సామాన్లవాడికీ వేయకండి. పెట్టెతో సహా అటక మీద పెట్టండి. రేపు కమిషన్ ముందు చూపించాల్సింది దాన్నే.