కేబుల్ టీవీకి ఇస్తే మన యాడ్ వేసేది లేదని పేపర్ వాళ్లు అనొచ్చా?

కావలిలో మీ ఫర్నిచర్ షాపు యాడ్ లోకల్ కేబుల్లో వస్తే జిల్లా పేజీల్లో వేసేది లేదని పేపర్ ఏజెంట్ అన్నాడని, ఆ హక్కు వాళ్లకుందా అని అడిగారు. ఒంగోలులో మా బట్టల షాపుకూ ఇదే ఎదురైంది. శ్రావణమాసం ముందు, సరుకంతా దించుకున్నాక, ఏజెంట్ ఫోన్ చేశాడు: "అన్నా, టీవీలో కింద మీ షాపు పేరు స్క్రోలింగ్ పోతోంది. అది ఆపితేనే క్వార్టర్ పేజీ బుక్ చేయమన్నారు." చాలా టెన్షన్ పడ్డాం. మాకు ఏడాది వ్యాపారంలో సగం ఆ నెలదే.

అప్పుడు మా లాయర్ గారు 1951 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పారు. ఒహాయో రాష్ట్రంలోని లొరైన్ ఊళ్లో లొరైన్ జర్నల్ అనే పత్రిక దాదాపు ప్రతి ఇంటికీ వెళ్లేది. 1948లో పక్క ఊళ్లో రేడియో స్టేషన్ మొదలైంది. పత్రిక వాళ్లు ఆ రేడియో విని, అందులో యాడ్ ఇచ్చిన లొరైన్ షాపులేవో రాసుకుని, వాటి కాంట్రాక్టులు రద్దు చేసేవారు. రేడియో మానేస్తేనే మళ్లీ చోటు. ఎవరి యాడ్ వేయాలో మా ఇష్టమని వాళ్లు వాదించారు. ఆ హక్కు ఉన్నా, పోటీదారుణ్ణి తొక్కేయడానికి వాడితే కుదరదని కోర్టు తేల్చింది. పత్రికా స్వేచ్ఛ వాదనా నిలబడలేదు. నాకు బాగా నచ్చింది ఇదే: కోర్టు చూసింది యాడ్ ఎందుకు కాదన్నారనే సంగతి.

ఆ తీర్పు ఇక్కడ నేరుగా చెల్లదు. మనకు 2002 కాంపిటీషన్ చట్టం ఉంది. పెద్ద పత్రిక కావడం తప్పు కాదు. ఆ బలంతో ఇంకొకరికి మార్కెట్ అందకుండా చేయడం సెక్షన్ 4 కింద తప్పు. అయితే మీ ప్రాంతంలో ఆ పత్రికదే పైచేయి అని ముందు తేలాలి. ఒంగోలు, నెల్లూరు లాంటి చోట్ల రెండు మూడు పత్రికలు గట్టిగా పోటీ పడుతుంటే అది తేలిక కాదు. మాకే యాడ్లన్నీ ఇస్తే రేటు తగ్గిస్తామనడం కూడా వేరే సంగతి, దాన్ని ఇంత సులభంగా తప్పుపట్టలేం.

ఫిర్యాదు ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్‌కు, మూడేళ్లలోపు చేయాలి. జరిమానా పడినా అది మీ చేతికి రాదు.

మేం అంతదూరం వెళ్లలేదు. ఏజెంట్ చెప్పిందే వాట్సాప్‌లో పెట్టమన్నాం, పెట్టాడు. దాన్ని జతచేసి, ఇది మీ సంస్థ నిర్ణయమేనా అని యాడ్స్ మేనేజర్‌కు ఉత్తరం రాశాం. అలాంటి నిబంధన లేదని జవాబొచ్చింది, యాడ్ వేశారు. మీరూ కేబుల్ యాడ్ ఆపకుండానే ముందు ఆ ఉత్తరం రాయండి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.