మేనమామ సంబంధం సంగతి తర్వాత, ముందు బాబు మోకాలు చూపించండి

ప్రశ్న: నా వయసు 29. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉంది. మా అమ్మ తమ్ముడు ఒకాయన కుర్రతనంలో పన్ను పీకించుకుంటే రక్తం ఆగక చనిపోయాడట. మా అమ్మానాన్నలది మేనరికం, అందుకే ఈ జబ్బు వచ్చిందని మా అత్తగారు అంటారు. ఇప్పుడు మా అక్క కూతురిని తమ్ముడికి ఇచ్చి చేద్దామని పెద్దవాళ్లు అనుకుంటున్నారు. వాళ్లకు పుట్టే పిల్లలకు జబ్బు వస్తుందా? మాకు రెండేళ్ల బాబు. ఈ మధ్య ఒంటి మీద కమిలినట్టు నల్లటి మచ్చలు వస్తున్నాయి. పది రోజుల కిందట మోకాలు వాచింది. మెడికల్ షాపులో నొప్పుల సిరప్ ఇచ్చారు, నూనె రాసి కాపడం పెడితే తగ్గింది. నాకు ఇప్పుడు మూడో నెల.
– ఒక సోదరి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీరు పెళ్లి గురించి అడిగారు. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన నాలుగు ముక్కలు. మేనమామకు హీమోఫీలియా, పిల్లాడు మగబిడ్డ, రెండేళ్ల వయసు, దెబ్బ తగలకుండా మోకాలి వాపు. ఈ నాలుగూ కలిసి వచ్చినప్పుడు అది బెణుకు అనుకోకూడదు. కీలులోపల రక్తం చేరిందేమోనని ముందు అనుమానించాలి. చూడకుండా, పరీక్ష లేకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను. కాదని తేలేవరకు అదేనన్నట్టు జాగ్రత్త పడాలని మాత్రం చెప్పగలను.

తగ్గింది కదా అంటారు. తగ్గుతుంది. మొదటిసారి కీలులో చేరిన రక్తం కొద్దిరోజులకు దానంతట అదే ఇంకిపోవచ్చు. కానీ ఒకసారి రక్తం చేరిన కీలులోనే మళ్లీ మళ్లీ చేరుతుంది, లోపలి పొర దెబ్బతింటుంది, కాలు పూర్తిగా చాపలేని స్థితి వస్తుంది. మీ తమ్ముడి మోకాళ్లు ఎలా ఉన్నాయో మీరే చూస్తున్నారు. ఇంట్లో ఒకరికి ఇంత తెలిసిన జబ్బు ఉండీ పది రోజులు నూనె రాసుకుంటూ కూర్చోవడం ఏమిటమ్మా?

ఆ సిరప్ ఏమిటో మీరు రాయలేదు. సీసా మీద ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, నిమెసులైడ్, డైక్లోఫెనాక్ లాంటి పేరు ఏది ఉన్నా పక్కన పెట్టేయండి. ఇవి ప్లేట్‌లెట్ల పని కూడా మందగించేలా చేస్తాయి. అసలే గడ్డకట్టని రక్తానికి అది తోడైతే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఆస్పిరిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. జ్వరానికైనా నొప్పికైనా పారాసెటమాల్, అదీ బాబు బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో. ఆర్‌ఎంపీ దగ్గర పిరుదుకు సూది మాత్రం వేయించొద్దు. వాచిన కాలికి మర్దన వద్దు, కాపడం వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కీలులోంచి నీరు తీస్తామని ఎవరైనా సూది పట్టుకుంటే, ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టించే పదార్థం) రిపోర్టు వచ్చేదాకా ఆగమని గట్టిగా చెప్పండి. నా దగ్గరికి వచ్చే ఇలాంటి పిల్లల్లో జబ్బు కంటే ముందు పిరుదుకు వేసిన సూదుల వల్ల వచ్చిన గడ్డలే కనిపిస్తుంటాయి. మెడికల్ షాపు కుర్రాడి తప్పేం లేదు, ఇంట్లో ఎవరికేం ఉందో అతనికి ఎలా తెలుస్తుంది? అడగనిదే ఇచ్చాడు, చెప్పనిదే మీరు తాగించారు.

పుట్టువెంట్రుకలు తీయించి చెవులు కుట్టించారా? కుట్టించి ఉంటే ఆరోజు రక్తం ఎంతసేపటికి ఆగిందో గుర్తు చేసుకుని డాక్టర్‌కు చెప్పండి. ఇంకా కుట్టించకపోతే సింహాచలం మొక్కు కొన్నాళ్లు వాయిదా వేయండి, స్వామి ఏమీ అనుకోడు. టీకాలు మాత్రం ఆపకండి. ఇంట్లో హీమోఫీలియా ఉందని ముందే చెబితే సన్న సూదితో వేసి, వేసిన చోట కాసేపు గట్టిగా అదిమి పట్టుకుంటారు.

పరీక్షల విషయం. చాలాచోట్ల రక్తం తీసి ప్లేట్‌లెట్లు, బీటీ (రక్తం ఆగడానికి పట్టే సమయం), సీటీ (గడ్డకట్టడానికి పట్టే సమయం) చూసి అంతా నార్మల్ అని పంపేస్తారు. హీమోఫీలియాలో ప్లేట్‌లెట్లు, బీటీ నార్మల్‌గానే ఉంటాయి, తీవ్రత తక్కువైతే సీటీలోనూ తేడా కనిపించకపోవచ్చు. రక్తం గడ్డకట్టే తీరును ఇంకా నిశితంగా చూసే ఏపీటీటీ పరీక్ష చేయించాలి. అది పెరిగి, దానితోపాటు చేసే పీటీ పరీక్ష మామూలుగా ఉంటే ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9 ఎంతెంత ఉన్నాయో చూడాలి. 8 తక్కువైతే హీమోఫీలియా ఎ, 9 తక్కువైతే బి. మీ తమ్ముడిది ఏదో అతని పాత కాగితాల్లో ఉంటుంది. 1 శాతం కంటే తక్కువ ఉంటే తీవ్రమైనది, 1 నుంచి 5 మధ్యస్థం, 5 నుంచి 40 దాకా స్వల్పం. ఒక కుటుంబంలో మగవాళ్లందరికీ రకమూ తీవ్రతా దాదాపు ఒకేలా ఉంటాయి. మీ తమ్ముడిని చూస్తే బాబుకు ఏం రావచ్చో కొంత అంచనా దొరుకుతుంది.

ఇక మేనరికం. మీ అత్తగారి మాట ఈ జబ్బు విషయంలో సరికాదు. హీమోఫీలియా జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు, మగవాళ్లకు ఒకటే. కొడుక్కి ఆ ఒక్కటీ తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఇచ్చేది వై. కాబట్టి మీ నాన్నగారు మేనత్త కొడుకైనా, పరాయి ఊరివారైనా మీ తమ్ముడి జబ్బులో తేడా ఉండేది కాదు. పన్ను పీకించుకుని పోయిన మీ మేనమామ కథ నిజమైతే ఆ జన్యువు మీ అమ్మమ్మ వైపు నుంచి మీ అమ్మగారికి వచ్చిందని దాదాపు అనుకోవచ్చు. అలాగని ఆవిడ చేసిన తప్పేమీ లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఉండదు. రైల్వే, ఆర్మీ మెడికల్‌లో రంగుల పుస్తకం దగ్గర ఆగిపోయే మన కుర్రాళ్లను చూస్తుంటాం కదా, ఎర్ర, ఆకుపచ్చ రంగులు పోల్చుకోలేని ఆ లోపం కూడా ఇలాగే తల్లి వైపు తాత నుంచి మనవడికి దిగుతుంది. మేనరికం ప్రమాదం పెంచే జబ్బులు వేరే ఉన్నాయి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో చూసే సికిల్ సెల్ ఆ కోవది, దానికి తల్లీ తండ్రీ ఇద్దరూ జన్యువు ఇవ్వాలి.

అంతమాత్రాన మీ అక్క కూతురి సంబంధానికి నేను పచ్చజెండా ఊపడం లేదు. మీ తమ్ముడు ఎవరిని చేసుకున్నా కూతుళ్లందరికీ అతని ఎక్స్ వెళ్లి తీరుతుంది, వాళ్లందరూ క్యారియర్లు (తమకు జబ్బు పెద్దగా లేకపోయినా జన్యువును పిల్లలకు ఇవ్వగలవాళ్లు) అవుతారు. భార్య క్యారియర్ కాకపోతే కొడుకులకు రాదు. చిక్కు ఎక్కడంటే మీ అక్క క్యారియర్ అయ్యే అవకాశం సగం, ఆమె కూతురికి అందులో సగం, అంటే నాలుగింట ఒకటి. ఆ అమ్మాయి కూడా క్యారియర్ అయితే ప్రతి కాన్పులోనూ, ఆడపిల్ల పుట్టినా మగపిల్లాడు పుట్టినా, జబ్బు రావడానికి సగం అవకాశం ఉంటుంది. సాధారణంగా ఆడపిల్లల్లో అరుదుగా కనిపించే జబ్బు ఇలాంటి పెళ్లిళ్లలో వాళ్లకూ వస్తుంది. నెలనెలా రక్తం ఆగని ఆడపిల్ల బాధ మీ తమ్ముడి మోకాలి బాధకు తక్కువేం కాదు. ముహూర్తం పెట్టుకునే ముందు తమ్ముడికి, ఆ అమ్మాయికి జన్యుపరీక్ష చేయించండి. ఫ్యాక్టర్ నార్మల్‌గా ఉంది కదా అని క్యారియర్ కాదనుకోవద్దు. పెళ్లి చేయాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం.

మీకు మూడో నెల. పెళ్లి మాటల కంటే ఇది తొందర. బాబుకు హీమోఫీలియా అని తేలితే, మీ కుటుంబ చరిత్రను బట్టి మీరు క్యారియర్ అన్నట్టే. అప్పుడు పుట్టబోయేది కొడుకైతే జబ్బు వచ్చే అవకాశం సగం, కూతురైతే క్యారియర్ అయ్యే అవకాశం సగం. ఒకడికి వచ్చింది కాబట్టి రెండోవాడికి రాదన్న లెక్క లేదు, ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలే. కడుపులో బిడ్డకు పరీక్ష కావాలనుకుంటే మాయ నుంచి ముక్క తీసే పరీక్ష 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు, ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు దాటాక. రెంటిలోనూ గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంది. చేయించుకోవాలా వద్దా అన్నది మీరూ మీవారూ ఆలోచించుకోండి. కానీ ముందు మీ తమ్ముడి రక్తంలో జన్యులోపం ఏదో తేలాలి, దానికే రోజులు పడుతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది, మీ గైనకాలజిస్టు చేత ఈ వారంలోనే లెటర్ రాయించుకోండి.

స్కానింగ్ సెంటర్లో ఆడో మగో చెప్పమని మాత్రం అడగకండి. 1994 చట్టం ప్రకారం అది నేరం. ఇలా ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే (సెక్స్ లింక్డ్) జబ్బుల కోసం గుర్తింపు ఉన్న కేంద్రంలో చేసే పరీక్షకు అదే చట్టం అనుమతి ఇస్తుంది. అయినా మగబిడ్డని తెలిస్తే ఏం తేలుతుంది? వాళ్లలోనూ సగం మందికి జబ్బు రాదు.

ఏ పరీక్షా వద్దనుకున్నా మీ ఫ్యాక్టర్ ఏడో నెల దాటాక ఒకసారి చూపించుకోండి. ఫ్యాక్టర్ 8 గర్భంతో పెరిగి కాన్పయ్యాక పడిపోతుంది, అప్పుడు తల్లికే రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ఊళ్లో కాన్పు వద్దు, ఫ్యాక్టర్ దొరికే పెద్దాసుపత్రిలో పేరు రాయించుకోండి. బిడ్డ తలను పట్టి లాగే వాక్యూమ్, ఫోర్సెప్స్ వాడొద్దని, బిడ్డ పుట్టగానే తొడకు వేసే విటమిన్ కె సూదికి ముందు ఆలోచించమని కేస్ షీట్ మీద రాయించండి.

రేపు పొద్దున్నే బాబును పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, తమ్ముడి పాత రిపోర్టులు, ఆ సిరప్ సీసా కూడా పట్టుకెళ్లండి. ఈలోగా బాబు తలకు దెబ్బ తగిలినా, వాంతులైనా, మగతగా పడుకున్నా ఓపీ కోసం చూడకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి, మేనమామకు హీమోఫీలియా ఉందని మొదటి మాటగా చెప్పండి.