బొగ్గుకు సీమ ఎక్కడిది?

సందేహం: మాస్టారూ, మేం ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం టూవూంబాలో ఉంటున్నాం. పొలాల్లో గ్యాసు బావులు వద్దంటూ ఇక్కడి రైతులు నడుపుతున్న 'లాక్ ద గేట్ అలయన్స్' ఉద్యమం గురించి మా తెలుగు సంఘం పత్రికకు వ్యాసం రాశాను, ప్రతి జతచేశాను. 'కోల్ సీమ్ గ్యాస్'ను 'బొగ్గు సీమ వాయువు' అన్నాను. మా సంపాదకుడు దాన్ని 'బొగ్గు కుట్టు వాయువు' అని దిద్దారు. సీమ్, సీమ ఒకే మాట కదా అని నా వాదన. 'రీజనల్ పాలిటిక్స్'కు 'ప్రాంతీయ రాజకీయాలు', ఉద్యమం పేరుకు 'ద్వారబంధ కూటమి' అని వేశాం. ఇవి సరేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ సంపాదకుడికి వ్యుత్పత్తి తెలుసు, తెలుగు తెలీదు. మీకు తెలుగు తెలుసు, వ్యుత్పత్తి తెలీదు. ఇద్దరూ కలిసి ఒక పూట కూర్చుంటే ఈ ఉత్తరం నాదాకా వచ్చేది కాదు. అయినా రావడమే మంచిదైంది. 'సీమ' మీద నాలుగు మాటలు రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

ఇంగ్లీషు 'సీమ్'కు అసలు అర్థం కుట్టే. రెండు గుడ్డలు కలిసేచోట కనిపించే గీత అది. రెండు రాతి పొరల నడుమ సన్నగా సాగే బొగ్గుకు కూడా గనులవాళ్లు అదే పేరు పెట్టుకున్నారు. ఈ మాటకు సంస్కృతంలో చుట్టాలున్న సంగతి నిజం. కాని ఆ చుట్టం సీమ కాదు. 'షివు తంతుసంతానే' అన్న ధాతువు నుంచి సీవ్యతి, సీవనం, స్యూతం వచ్చాయి. సీవనం అంటే కుట్టడం, స్యూతం అంటే కుట్టినది. ఇంగ్లీషు సీమ్ ఆ ఇంటి ఆడపడుచు.

మన సీమ వేరే గడపది. దాన్ని మనవాళ్లు 'షిఞ్ బంధనే' అన్న ధాతువు నుంచి సాధిస్తారు. కట్టేది, ఇంతవరకే అని నిలిపేది సీమ. పాత వాడుకలో ఆ హద్దు పొలానిదే కానక్కర్లేదు. తలమీద వెంట్రుకలను రెండుగా చీల్చే పాపిడి కూడా సీమే. నిండుచూలాలికి పాపిడి తీసే వేడుక సీమంతోన్నయనం, మన నోట సీమంతం. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన వ్యాకరణ నియమం ఒకటుంది: 'సీమంతః కేశవేశే'. సీమ, అంత కలిస్తే మామూలు సంధి ప్రకారం 'సీమాంతం' కావాలి. ఊరి సరిహద్దు విషయంలో అలాగే అవుతుంది. జుట్టు పాపిడి విషయంలో మాత్రం దీర్ఘం పోయి 'సీమంతం' అవుతుంది. ఒక్క దీర్ఘం తేడాతో ఒకటి పేరంటానికి పోయింది, రెండోది పోలీసు ఔట్‌పోస్టుకు. ఈమధ్య ఒక ఆహ్వానపత్రికలో 'మా అమ్మాయి సీమాంతం' అని అచ్చేశారు. పిల్లను సరిహద్దు కాపలాకు పంపుతున్నారేమో అనుకున్నాను.

తెలుగులోకి వచ్చాక సీమ హద్దు దగ్గర ఆగలేదు, హద్దు లోపలున్న నేలకంతటికీ పాకింది. 'పల్లెనాటి సీమ పల్లెటూళ్లు' అని ముగిసే చాటువు శ్రీనాథుడిదని చెప్పుకుంటాం. అందులో కవి సీమ అంటే ఏమిటో నిర్వచించలేదు, అక్కడేమున్నాయో లెక్కపెట్టాడు. చిన్న చిన్న రాళ్లు, నాగులేటి నీళ్లు, నాపరాళ్లు, సజ్జ జొన్న కూళ్లు, పాములు, తేళ్లు. వెక్కిరింతగా చెప్పినా సరే, సీమంటే అక్కడి నీళ్లు, అక్కడి కూడు, అక్కడి రాయి అని ఆ నాలుగు పాదాల్లో తేలిపోయింది. 1928లో నంద్యాల సభలప్పుడు 'దత్తమండలాలు' అన్న పేరును వదిలించుకుని 'రాయలసీమ' అని పెట్టుకున్నవాళ్లకు కూడా ఈ అర్థమే మనసులో ఉండి ఉంటుంది. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల అనిపించుకోవడం ఎవరికి ఇష్టం? ఇక సీమచింత, సీమపంది, సీమదొర వగైరాల్లో సీమంటే విదేశం. ఆ లెక్కన మీరిప్పుడు ఉంటున్నదీ సీమే.

కాబట్టి బొగ్గుకు సీమ పనికిరాదు. పోనీ కుట్టు? తెలుగులో కుట్టు అనగానే సూది, దారం, చీర అంచు గుర్తొస్తాయి. బొగ్గుకు దర్జీ ఎవరు? నేల అడుగున ఉన్నది పొర. 'బొగ్గుపొర గ్యాసు' అనండి. వాయువే కావాలని మీ సంపాదకుడు పట్టుబడితే 'బొగ్గుపొర వాయువు' అన్నా ఫరవాలేదు. మన దేశంలో దీన్నే కోల్ బెడ్ మీథేన్ అంటున్నారు, పరుపు అని మాత్రం రాయకండి.

సింగరేణి గనుల్లోవాళ్లు సీమ్‌ను సీమ్ అనే అంటారు, తప్పులేదు. అక్కడ 'కింగ్ సీమ్' అని ఒకటుంది. దాన్ని 'రాజు పొర' అని అనువదించిన పుణ్యాత్ముణ్ణి నేనెరుగుదును. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిన భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ కింగ్ పేరు అది. రాజూ లేడు, రాజ్యమూ లేదు.

పొర అన్నాక గ్యాసు ఎలా వస్తుందో కూడా వ్యాసంలో ఒక వాక్యం రాయండి, లేకపోతే రైతు గొడవ పాఠకుడికి అర్థం కాదు. మీథేన్ బొగ్గును అంటిపెట్టుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి దాన్ని అక్కడే అదిమి ఉంచుతుంది. ముందు నీళ్లు తోడిపారేస్తే ఒత్తిడి తగ్గి గ్యాసు విడివడుతుంది. అంటే గ్యాసు కంటే ముందు పైకొచ్చేది నీళ్లు, అవీ ఉప్పునీళ్లు. మీ డార్లింగ్ డౌన్స్‌ది నల్లరేగడి అని చదివాను. పత్తి రైతుకు నల్లరేగడి, బోరు అన్న రెండు మాటలు చాలు, సంగతి బోధపడుతుంది. అక్కడి రైతు కూడా దాన్ని 'బోర్' అనే అంటాడు. ఒక్క ఇంగ్లీషు మాట రెండు ఖండాల పొలాల్లో ఒకే దిగులుతో పలుకుతోంది. మీరు దాన్ని 'గొట్టపు బావి' చేశారు, ఎందుకమ్మా?

ఇక 'ప్రాంతీయ రాజకీయాలు'. ఈ మాట చూడగానే తెలుగు పాఠకుడికి ప్రాంతీయ పార్టీ, ఢిల్లీ మీద అలక, ఆత్మగౌరవం గుర్తొస్తాయి. ఆస్ట్రేలియాలో 'రీజనల్' అంటే రాష్ట్రాల రాజధాని నగరాలు కాక మిగిలిన దేశం. అక్కడి ఓట్లను తమ సొంతం అనుకునే నేషనల్ పార్టీ 1920లో కంట్రీ పార్టీగా పుట్టింది. పేరు జాతీయం, బతుకు పల్లెపట్టు. దాన్ని ప్రాంతీయ పార్టీ అంటే తెలుగు పాఠకుడు తప్పుగా అర్థం చేసుకుంటాడు. ఆ పార్టీకి ఈ గ్యాసు తెచ్చిన చిక్కు చూడండి. న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన లిస్మోర్ నగరంలో 2012లో ఓటు పెడితే నూటికి 87 మంది గ్యాసు వద్దన్నారు. 2014లో ఆ పక్కనే బెంట్లీలో బావి తవ్వబోతే వేలమంది వచ్చి గుడారాలు వేశారు. 800 మంది పోలీసులను దింపాలన్న ఏర్పాటు జరుగుతుండగా మే నెలలో ప్రభుత్వమే లైసెన్సును నిలిపివేసింది. మరుసటి ఏడు 2 కోట్ల 50 లక్షల డాలర్లిచ్చి లైసెన్సులను వెనక్కి కొనుక్కుంది. అదే ఏడు ఎన్నికల్లో, 1988లో ఏర్పడినప్పటి నుంచీ నేషనల్స్ చేతిలో ఉన్న బల్లీనా స్థానం పర్యావరణ పార్టీ గ్రీన్స్ పరమైంది. అన్నిచోట్లా ఇలాగే జరిగిందనుకోకండి. అదే రాష్ట్రంలో నరాబ్రై దగ్గర 850 బావుల పథకానికి 2020లో అనుమతి వచ్చింది. మీ క్వీన్స్‌లాండ్‌లో సరేసరి, చించిల్లా చుట్టూ బావులే బావులు.

మరి 'రీజనల్'కు ఏం రాయాలి? మీరు బొగ్గుకు తగిలించిన సీమ ఇక్కడ చక్కగా సరిపోతుంది. కాని ఒట్టి 'సీమ రాజకీయాలు' అంటే మనవాళ్లు కడప, కర్నూలు వైపు చూస్తారు. 'పల్లెసీమల రాజకీయాలు' నాకు నచ్చింది. లక్షకు పైగా జనమున్న మీ టూవూంబా కూడా రీజనలేనట కదా, దాన్ని పల్లె అంటే మీ ఊరివాళ్లు నొచ్చుకుంటారేమో. 'రాజధానుల బయటి రాజకీయాలు' అంటే అర్థం నిక్కంగా ఉంటుంది, అందం ఉండదు. మీకు తోచింది వేసుకోండి.

'ద్వారబంధ కూటమి' చూసి మాత్రం కాసేపు కళ్లు మూసుకున్నాను. ద్వారబంధం అంటే తలుపుకు చుట్టూ ఉండే కొయ్య చట్రం. అది వడ్రంగుల సంఘం పేరవుతుంది. 2010లో మొదలైన ఈ ఉద్యమం బోర్డు, ఆ పసుపుపచ్చ త్రికోణపు రేకు, మీరు దారిలో పొలం గేట్లకు చూసే ఉంటారు. అక్కడ నేల రైతుదే గాని అడుగున గ్యాసు ప్రభుత్వానిది. లైసెన్సున్న కంపెనీని గట్టిగా కాదనే హక్కు మీ రాష్ట్రంలో రైతుకు లేదు. పరిహారం కుదరకపోతే వ్యవహారం ల్యాండ్ కోర్టుకు పోతుంది. చట్టం తెరవమన్న గేటుకు తాళం వేయడంలో ఉంది ఆ పేరు బలం. అందుకని 'గేటు వేయండి' చాలదు, 'గేటుకు తాళం' అనండి. గేటు ఎప్పుడో తెలుగైపోయింది, ద్వారం వెతుక్కోవద్దు. కూటమి బదులు సమాఖ్య మేలు, కూటమి అంటే ఇప్పుడు సీట్ల సర్దుబాటే గుర్తొస్తోంది.

మీ వ్యాసం చివర ఇంకొకటి కనిపించింది. 2012 నుంచి గ్యాసు బావుల గేట్ల ముందు, నాయకుల ఆఫీసుల ముందు కుర్చీలు వేసుకుని, పసుపు, నలుపు ఊలుతో అల్లుకుంటూ కూర్చునే 'నిటింగ్ నానాస్'ను మీరు 'కుట్టుపని నాన్నలు' అన్నారు. వాళ్లు నాన్నలు కారమ్మా, నానమ్మలు. వాళ్లు చేసేది కుట్టు కాదు, అల్లిక. ఈ ఒక్క పేరా మీ సంపాదకుడికి ప్రత్యేకంగా చూపించండి.