ఫోం సంగతి తర్వాత, ముందు మూత్రంలో రక్తం సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. మాది జగిత్యాల జిల్లా. గల్ఫ్‌లో ఒక చమురు డిపోలో పద్నాలుగేళ్లుగా ఫైర్ సిబ్బందిలో పనిచేస్తున్నాను. మంటలార్పడానికి మేం వాడే ఫోం (నురగ) వల్ల క్యాన్సర్ వస్తుందని ఫోనులో వీడియోలు చూసి భయం పట్టుకుంది. అది ఒంట్లోంచి పోవాలంటే ఏం తినాలి? బెల్లం, పాలు పనిచేస్తాయా? రక్తదానం చేస్తే తగ్గుతుందట, నిజమేనా? అన్నట్టు ఈ మధ్య వేడి చేసి రెండుసార్లు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకుంటే తగ్గింది. రోజుకు ఏడెనిమిది సిగరెట్లు తాగుతాను.
- ఒక పాఠకుడు

జవాబు: ఉత్తరమంతా ఫోం గురించి రాసి, అసలు విషయాన్ని ‘అన్నట్టు’ అని చివర్లో తోసేశారు. నలభై దాటిన మగవారిలో, అందులోనూ సిగరెట్ తాగేవారిలో, నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే దాన్ని ‘వేడి’ అనుకుని వదిలేయకూడదు. మూత్రాశయంలో కణితి ఉందేమో చూసి, లేదని తేల్చుకున్నాకే మిగతా కారణాల మాట. రాయి కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. ఎండలో బరువైన సూటుతో గంటల తరబడి పనిచేస్తే కండరాలు దెబ్బతిని మూత్రం కోలా రంగుకు తిరగడమూ ఉంది. మిమ్మల్ని చూడకుండా, పరీక్షలు లేకుండా ఫలానా అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా.

‘మాత్ర వేసుకుంటే తగ్గింది’ అన్నారు. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ మాటే. కణితి నుంచి కారే రక్తం దానంతట అదే ఆగుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు కనిపించదు. ఆగిన రోజున చేతిలో ఏ మాత్ర ఉంటే పేరు దానికి వస్తుంది. ఇలా మాత్రకు పేరిచ్చి ఏడాది తర్వాత వచ్చేవారిని మా ఓపీలో చూస్తూనే ఉంటాం. అప్పటికి కణితి లోపలి పొర దాటి కండరంలోకి దిగి ఉంటే చికిత్స మారిపోతుంది. పైపొరలో ఉండగా దొరికితే చాలామందికి మూత్రనాళం గుండా పరికరం పంపి తీసేయవచ్చు. పైగా డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి ఆపేయడం వైద్యం కాదు. ఊరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ పెట్టెలో సగం మందుల దుకాణం మోసుకెళ్లడం గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు మామూలైపోయింది. భుజాల నొప్పికి డైక్లోఫెనాక్ కూడా వేస్తుంటే, దాహంతో ఎండలో ఉన్న కిడ్నీకి అది ఇంకో దెబ్బ.

మీ ఉద్యోగం వల్ల కూడా ఆలస్యం చేయవద్దంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే కారకమని ఖాయంగా తేలినవాటిలో, చేర్చింది. అందుకు తగిన ఆధారాలు దొరికిన రెండింటిలో ఒకటి మూత్రాశయ క్యాన్సర్. ఇక్కడ ఫోం కన్నా నా అనుమానం పొగ మీద, సూటుకు పట్టిన మసి మీద, సిగరెట్ మీద. చమురు మంట పొగలోని బెంజీన్ లాంటివి ముక్కు నుంచే కాదు, చెమట పట్టిన చర్మం నుంచీ లోపలికి పోతాయి. మాస్కు మంట ఆరగానే తీసేయకండి, పొగలు కక్కుతున్నంతసేపూ ఉంచుకోండి. మసి సూటుతో గదికి రాకండి. వెంటనే మెడ, చంకలు, గజ్జలు సబ్బుతో కడుక్కోండి.

ఇక మీరడిగింది. పెట్రోలు మీద పల్చటి పొరలా పరుచుకుని ఆవిరిని అణచే పాత రకం ఫోంలో పీఎఫ్‌ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి. వాటిలో పీఎఫ్‌ఓఏ అనేదాన్ని 2023లో అదే సంస్థ మొదటి వర్గంలో, పీఎఫ్‌ఓఎస్ అనేదాన్ని ‘కారకం కావచ్చు’ అనే వర్గంలో పెట్టింది. కిడ్నీ, వృషణ క్యాన్సర్లతో, థైరాయిడ్ జబ్బులతో, కొలెస్ట్రాల్ పెరగడంతో వీటికి సంబంధం కనిపించింది. ఒంట్లో సగం తగ్గడానికే ఏళ్లు పడతాయి. బెల్లం, పాలు వీటిని కడిగేయవు. రక్తదానం మాట వట్టి పుకారు కాదు. ఆస్ట్రేలియాలో 285 మంది అగ్నిమాపక సిబ్బందిపై చేసిన పరీక్ష 2022లో అచ్చయింది. ఏడాది పాటు ప్లాస్మా (రక్తంలోని పసుపు ద్రవం) ఇచ్చినవారిలో, రక్తం ఇచ్చినవారిలో ఈ రసాయనాలు తగ్గాయి, ప్లాస్మాతో ఎక్కువగా. అయితే దానివల్ల జబ్బులు తగ్గాయని ఆ పరీక్ష చెప్పలేదు. మూత్రంలో రక్తం పోతున్న కారణం తేలేదాకా మీరు రక్తం ఇవ్వవద్దు.

మంటల రోజులకన్నా శిక్షణలో, పంపుల పరీక్షలో ఫోం చేతికి తగిలేదే ఎక్కువ సార్లు. అవే చేతులతో సిగరెట్ వెలిగిస్తే నేరుగా నోట్లోకి. డ్రమ్ము మీద 3 శాతం, 6 శాతం అని ఉండేది నీటిలో ఎంత కలపాలన్న లెక్క, విషం ఎంతన్నది కాదు. ఫ్లోరిన్ లేని ఫోం ఇప్పుడు దొరుకుతోంది. మీ డిపోలో ఏది వాడుతున్నారో భద్రతాధికారిని అడగండి.

మీరు చేయాల్సింది: ఈ వారంలోనే అక్కడి యూరాలజిస్టుకు (మూత్ర వ్యాధుల డాక్టరుకు) చూపించుకోండి. మూత్ర పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), స్కానింగ్, అవసరమంటే సిస్టోస్కోపీ (మూత్రనాళం గుండా సన్నటి కెమెరా పంపి మూత్రాశయం లోపల చూడటం) చేస్తారు. స్కానింగ్ బాగుందనగానే సిస్టోస్కోపీ మానేయకండి, చిన్న కణితులు స్కానింగ్‌కు చిక్కకపోవచ్చు. పనిలో పనిగా కొలెస్ట్రాల్, థైరాయిడ్ చూపించుకుంటే సరి. సెలవు దాకా ఆగుదామని, మెడికల్‌లో అన్‌ఫిట్ చేస్తారేమోనని మీ మనసులో ఉండవచ్చు. ఆ భయం నాకు అర్థమవుతుంది, అయినా నా సలహా మారదు. డాక్టరుకు ఫైర్ ఉద్యోగం, సిగరెట్, వేసుకున్న మాత్ర పేరు మూడూ చెప్పండి. ఈలోగా రక్తం గడ్డలుగా పడినా, మూత్రం బిగుసుకుపోయినా, చలి జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.