టెక్ సందేహాలు: కొటేషన్‌లో ‘ఐ5’ అని ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: నేను వరంగల్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి, కొద్దిపాటి వీడియో ఎడిటింగ్‌కు ఒక డెస్క్‌టాప్ కావాలి. ఇంట్లో 35 వేల వరకు ఇస్తామన్నారు. ఒక దుకాణంలో ‘ఐ5 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌తో క్యాబినెట్, 22 అంగుళాల మానిటర్, అన్నీ కలిపి 24 వేలు’ అని రాసిచ్చారు. తీసుకోవచ్చా, లేక విడిభాగాలు కొని నేనే బిగించుకోవాలా?

జవాబు: ఈ కొటేషన్‌లో అసలు సంగతి చెబుతున్న మాట ‘హెచ్61 బోర్డు’. హెచ్61 అనేది ఇంటెల్ 2011లో తెచ్చిన చిప్‌సెట్, అంటే ఏ ప్రాసెసరు పనిచేస్తుందో నిర్ణయించే మదర్‌బోర్డు చిప్పు. దాని మీద ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు మాత్రమే కూర్చుంటాయి. కాబట్టి మీకు ఇవ్వబోతున్న ఐ5 ఎంత కొత్తదనుకున్నా 2012, 2013 నాటిది. కార్యాలయాలు తీసేసిన పాత యంత్రాల నుంచి ఊడదీసిన ప్రాసెసర్లను చవక బోర్డుల మీద అమర్చి, కొత్త క్యాబినెట్‌లో పెట్టి అమ్మడం మన దగ్గర చాలాకాలంగా సాగుతున్న వ్యాపారమే. పాతదని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. తరం సంఖ్య రాయకుండా ‘ఐ5’ అని మాత్రమే రాసినప్పుడే పేరు గొప్ప, ఊరు దిబ్బ అవుతుంది. ఐ5 అన్న తర్వాత వచ్చే అంకెలను తప్పకుండా అడగండి. ఐ5-3470 అంటే మూడో తరం, ఐ3-12100 అంటే పన్నెండో తరం. ఆ పాత ఐ5లో నాలుగు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉంటే, 2022లో వచ్చిన ఈ ఐ3లో నాలుగు కోర్లకు ఎనిమిది థ్రెడ్లు ఉన్నాయి. ఒక్కొక్క కోరు వేగంలోనూ పాతది దీని దరిదాపులకు రాదు. పైగా విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నిబంధన. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే మీరు కొన్న రోజునే ఆ యంత్రానికి కాలం చెల్లినట్లు లెక్క.

గ్రాఫిక్స్ కార్డు విషయంలోనూ ‘4 జీబీ’ అన్న అంకెకు లొంగిపోకండి. అది కార్డులో ఉన్న మెమొరీ ఎంతో చెబుతుందే తప్ప కార్డు వేగాన్ని చెప్పదు. ఇలాంటి కొటేషన్లలో తరచుగా కనబడే జీటీ 730 అనే 2014 నాటి కార్డు కంటే, ఏఎండీ సంస్థ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌లో అంతర్నిర్మితంగా వచ్చే గ్రాఫిక్సే శక్తిమంతమైనది. అందుకే మీ బడ్జెట్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు జోలికి వెళ్లవద్దని నా సలహా. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న 5600జీ గానీ, ఐ3-12100 గానీ తీసుకోండి. రెండింటిలో నా మొగ్గు 5600జీ వైపే, ఎందుకంటే వీడియో ఎడిటింగ్‌కు అదనపు కోర్లు పనికొస్తాయి. ఇవేవీ సరికొత్తవి కావు. ఏఎండీ కొత్త ప్రాసెసర్లకు వాడే ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి కాబట్టి ఆ దారిలో ఖర్చు పెరుగుతుంది.

ర్యామ్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ఏఐ సర్వర్లకు గిరాకీ పెరగడంతో 2025 చివరి నుంచి మెమొరీ ధరలు విపరీతంగా ఎగబాకాయి, కాబట్టి ఏడాది కిందటి వీడియోల్లో చూపించిన లెక్కలు ఇప్పుడు మీకు సరిపోవు. అంతర్నిర్మిత గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, అది ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4-3200 రకం ర్యామ్ ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 జీబీ, రెండు పెడితే 51.2 జీబీ మేర డేటా ప్రవహించగలదు. అందువల్ల 16 జీబీ ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు తీసుకోవడం మేలు. డబ్బు చాలకపోతే ఇప్పటికి ఒక 8 జీబీతో మొదలుపెట్టి, అదే రకం రెండోది తర్వాత చేర్చుకోవచ్చు. మానిటర్‌కు కూడా చాలదనిపిస్తే కొన్ని నెలలు ఇంట్లోని టీవీకే హెచ్‌డీఎంఐ కేబులు కలిపి వాడుకోండి, ఇంట్లోవాళ్లు సీరియళ్ల వేళ ఒప్పుకుంటే.

పొదుపు చేయకూడని చోటు ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్‌కు తగిన తక్కువ వోల్టేజికి మార్చే పెట్టె. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే వాటి మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉన్నా, పక్కనే అంటించిన పట్టికలో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా ఆ 12 వోల్టుల తీగల మీదుగానే వస్తుంది. అక్కడ 16 ఆంపియర్లు ఉంటే, 12తో గుణించగా వచ్చేది 192 వాట్లే. 36 ఉంటే 432 వాట్లు. మీరు తీసుకునే 65 వాట్ల ప్రాసెసర్‌కు 192 కూడా చాలు కదా అనిపించవచ్చు, కానీ రాసిన అంకెలోనే నిజాయితీ లేనివాడు లోపలి రక్షణ వలయాల్లో మాత్రం నిజాయితీ చూపిస్తాడని నమ్మలేం. పేరున్న సంస్థది, విద్యుత్తు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ గుర్తింపు ఉన్నది తీసుకుంటే, రేపు గ్రాఫిక్స్ కార్డు పెట్టుకున్నా దానినే కొనసాగించవచ్చు.

బిగించడం మీరే చేయగలరు. ఒక స్క్రూడ్రైవరు, ఒక మధ్యాహ్నం ఉంటే చాలు. 5600జీకి పిన్నులు ప్రాసెసరు అడుగునే ఉంటాయి, మూల మీది త్రికోణపు గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి ఒత్తిడి లేకుండా వదిలితే దానంతట అదే కూర్చోవాలి. వెనుక పోర్టుల చుట్టూ ఉండే రేకును బోర్డు కంటే ముందే క్యాబినెట్‌కు బిగించండి. మొదటిసారి నేను అది మరిచిపోయి, అంతా పూర్తయ్యాక మళ్లీ మొదటి స్క్రూ దాకా విప్పాను. సామాను కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేట్లయితే రెండు మూడు దుకాణాల్లో మోడల్ నంబర్లతో సహా రాయించుకుని, ఆన్‌లైన్ ధరలతో పోల్చి, సీరియల్ నంబర్లున్న జీఎస్‌టీ బిల్లు అడగండి. పెట్టెలో వచ్చే ప్రాసెసర్లకు ఇంటెల్, ఏఎండీ మూడేళ్ల వారంటీ ఇస్తాయి. పెట్టె లేని ట్రే ప్రాసెసర్‌కు ఆ హామీ ఉండదు.

ప్రశ్న: తెనాలిలో ఉంటాను. కొత్తగా బిగించిన కంప్యూటర్ క్యాబినెట్‌ను ఉత్త కాళ్లతో కూర్చుని ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఎస్ఎంపీఎస్ బాగానే ఉందని దుకాణంవారు అంటున్నారు.

జవాబు: వారు చెప్పింది నిజమే కావచ్చు. ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ విద్యుత్ రొదను వడకట్టడానికి ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి లోహపు పెట్టెకు రెండు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. వాటి గుండా కారే స్వల్ప విద్యుత్తు ఎర్తు తీగ ద్వారా భూమిలోకి పోవాలి. మీ సాకెట్‌లో ఎర్తు లేకపోతే ఆ పెట్టె 230 వోల్టులలో సగం దగ్గర, అంటే సుమారు 115 వోల్టుల వద్ద నిలిచిపోతుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి జిల్లుమనడంతో సరిపోతోంది, కానీ రేపు లోపల నిజమైన లోపం వస్తే అదే పెట్టెకు పూర్తి 230 వోల్టులు చేరతాయి. రబ్బరు చెప్పులు వేసుకుని సర్దుకుపోవడం దీనికి మందు కాదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఫేజు, ఎర్తుల మధ్య వోల్టేజి కొలిపించండి. అది ఫేజు, న్యూట్రల్ మధ్య ఉన్నంతే ఉండాలి. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య ఒకటి రెండు వోల్టుల కంటే పెద్దగా ఉండకూడదు. కొందరు పని తేలిగ్గా తేల్చేయడానికి సాకెట్ లోపలే న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు కలిపేస్తారు; దానికి ససేమిరా ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగితే మీ క్యాబినెట్టే కరెంటు తీగ అవుతుంది. ఇంటికి ఎర్తింగ్ గుంత ఉండి ఎండాకాలంలో ఎండిపోయి ఉంటే నీళ్లు పోసి చూడండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడుతున్నట్లయితే దానిని ఈ రోజే తీసేయండి.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి రాస్తున్నాను. రైజెన్ 5 5600, ఏ520 బోర్డు కొని బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ మానిటర్‌లో బొమ్మ రావడం లేదు. గ్రాఫిక్స్ కార్డు లేదు.

జవాబు: లోపం మీ బిగింపులో లేకపోవచ్చు. చివర ‘జీ’ అక్షరం లేని 5600లో గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా దానికి బొమ్మ అందించేది ప్రాసెసరే. ఇంటెల్‌లో చివర ‘ఎఫ్’ ఉన్నవాటిదీ ఇదే కథ. ఒక కార్డు కొనాలి, లేదా దుకాణంవారు ఒప్పుకుంటే 5600జీతో మార్చుకోవాలి. మార్చుకునేటప్పుడు బోర్డు బయోస్ (కంప్యూటర్‌ను ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాము) పాతదైతే అప్‌డేట్ చేసిమ్మని కూడా అడగండి. అంతవరకు ప్రాసెసరు వచ్చిన అట్టపెట్టెను, లోపలి ప్లాస్టిక్ తొడుగును పారేయకండి.